లూజ్ మోషన్స్ అన్నారు, నమ్మేశాను: పదకొండు సీసాల కేసు

ఈ కేసులో బాబు ఇబ్బంది పడ్డ రోజుల్లో ఆరు రోజులు నా ఖాతాలోవి. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

నేను పిల్లల డైటీషియన్‌ని. ఆటిజం ఉన్న పిల్లల తిండి, కడుపు ఇబ్బందులు చూడటం నా రోజువారీ పని. మా టీమ్‌లో పిల్లల డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంటారు. తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. బాబుని బాబు అనే అంటాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 6 ఏళ్ల 2 నెలలు, బరువు 19 కిలోలు, ఎత్తు 114 సెంటీమీటర్లు. మూడో ఏట ఆటిజం అని నిర్ధారణ అయింది. మాటలు ఇరవై దాకా ఉన్నాయి. మిగతా అవసరాలకు బొమ్మల కార్డులు చూపిస్తాడు. మందులేవీ వాడటం లేదు. ఆ ప్రశ్న నేను ముందే అడుగుతాను, ఎందుకంటే ప్రవర్తనకి రాసే రిస్పెరిడోన్ లాంటి మందులతో కొంతమందికి మలబద్ధకం వస్తుంది.

తల్లి చెప్పింది ఇది: "నాలుగు నెలలుగా లూజ్ మోషన్స్ మేడమ్. రోజుకి ఐదారు సార్లు నిక్కరు పాడవుతోంది. అయిదో ఏటికే డైపర్ మానేశాడు, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది." పొట్ట ఉబ్బి ఉంటోంది. రాత్రి రెండింటికి లేచి ఏడుస్తున్నాడు. కుడిచేతి బొటనవేలి కింద కొరుక్కుని కొరుక్కుని అక్కడి చర్మం కాయ కాసింది. సోఫా చేతి మీద బోర్లా పడి పొట్ట నొక్కుకుంటాడు. ఒక్కోసారి కర్టెన్ వెనక్కి వెళ్లి, కాళ్లు బిగదీసి మునివేళ్ల మీద నిలబడతాడు.

ఆ చివరి మాట చెప్పి తల్లే సర్దేసింది: "మునివేళ్ల మీద నడవడం చిన్నప్పటి నుంచీ ఉందిలెండి." నేను నోట్స్‌లో 'టో వాకింగ్, పాతదే' అని రాసుకున్నాను. ఆ మూడు మాటలు ఇప్పుడు చూస్తే నాకే సిగ్గేస్తుంది. చిన్నప్పటి నడకకీ, కర్టెన్ చాటున బిగుసుకుని నిలబడటానికీ సంబంధమే లేదు. రెండోది మలాన్ని ఆపుకుంటున్న పిల్లలు నిలబడే తీరు.

తినేవి ఏడే ఏడు: ఉత్త అన్నం, ఒక రకం చిప్స్, గోధుమ లేని ఒక రకం బిస్కెట్, వేయించిన బంగాళాదుంప, ఆపిల్ జ్యూస్, అరటిపండు, తేనె. అయిదు నెలల క్రితం దాకా పాలు, బ్రెడ్, నూడుల్స్ కూడా ఉండేవి. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్), పాల పదార్థాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని ఎవరో చెప్పడంతో ఆ మూడూ ఆపేశారు. పదిలో మూడు పోయాయి, కొత్తది ఒక్కటీ రాలేదు.

సంచిలో ఏమున్నాయి

మొదటిసారి వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న సప్లిమెంట్లన్నీ సీసాలతో సహా తెమ్మంటాను. ఫోన్‌లో పేర్లు చెప్తే కుదరదు. లేబుల్ చూడాలి, చెంచా చూడాలి. ఆ తల్లి గుడ్డ సంచి తెచ్చి నా బల్ల మీద ఒక్కొక్కటీ నిలబెట్టింది. పదకొండు.

మల్టీవిటమిన్ గమ్మీలు. ఆటిజం పిల్లల కోసమని చెప్పి అమ్మే విటమిన్ పౌడర్. కాడ్ లివర్ ఆయిల్ అనే చేపనూనె. విటమిన్ డి చుక్కలు. జింక్ సిరప్. నిద్ర కోసం మెగ్నీషియం పౌడర్. రెండు రకాల ప్రోబయోటిక్, అంటే పేగుకి మంచివని అమ్మే బ్యాక్టీరియా. జీర్ణానికి ఎంజైముల పొడి. ఐరన్ చుక్కలు. పాలు మానేశారు కాబట్టి కాల్షియం సిరప్. పదకొండూ ఒకేరోజు మొదలుపెట్టినవి కావు. ఏడాదిన్నరలో ఒక్కొక్కటే చేరాయి. ఒక్కోదాని వెనక ఒక్కో సలహా ఉంది. కొత్తది వచ్చినప్పుడు పాతది తీసేయమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద కూడికలు వేశాం. గమ్మీలు లేబుల్ ప్రకారం రెండు, కానీ చాక్లెట్ల బదులు ఇస్తున్నారు కాబట్టి అసలు లెక్క నాలుగు. విటమిన్ ఏ: గమ్మీల నుంచి 600 మైక్రోగ్రాములు, పౌడర్ నుంచి 400, కాడ్ లివర్ ఆయిల్ నుంచి 500. మొత్తం 1500. అమెరికా నేషనల్ అకాడెమీస్ 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు పెట్టిన గరిష్ఠ పరిమితి 900. ఈ పరిమితి రెటినాల్ రూపంలో ఉన్న విటమిన్ ఏకి మాత్రమే వర్తిస్తుంది, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌కి కాదు. మూడు లేబుళ్ల మీదా రెటినాల్ రూపమే ఉంది. జింక్: 5, 10, 10, మొత్తం 25 మిల్లీగ్రాములు, పరిమితి 12. సప్లిమెంట్ల ద్వారా వెళ్లే మెగ్నీషియం: 80, 150 కలిపి 230, పరిమితి 110. విటమిన్ బి6: పౌడర్‌లో 25, మెగ్నీషియం పొడిలో కలిసి ఉన్నది 20, గమ్మీలలో 2. మొత్తం 47, పరిమితి 40. విటమిన్ సి 620 మిల్లీగ్రాములు. 650 దాటలేదు, కానీ ఆ వయసుకి రోజుకి కావాల్సింది 25. విటమిన్ డి 2600 ఐ.యూ., 3000 పరిమితికి లోపలే ఉంది.

ఏ ఒక్క సీసా తీసుకున్నా దాని మీద రాసింది తప్పు కాదు. తప్పంతా కూడికలో ఉంది. ఆ కూడిక చేయడం ఎవరి పనీ కాకుండా పోయింది.

పరిమితి దాటగానే విషమైపోదు, ఆ మాట తల్లికి అప్పుడే చెప్పాను. కానీ జింక్ ఎక్కువై నెలలు గడిస్తే పేగులో కాపర్ ఒంటబట్టడం తగ్గుతుంది. బి6 ఎక్కువకాలం మితిమీరితే నరాలు దెబ్బతిని అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరెక్కిందని చెప్పడానికి మాటలు లేని పిల్లవాడి విషయంలో నాకు ఈ రెండోదే ఎక్కువ టెన్షన్.

2015లో అమెరికాలో ఆటిజం ఉన్న 368 మంది పిల్లల తిండి లెక్కలు ప్రచురించారు. సప్లిమెంట్లు వాడే పిల్లల్లో చాలామందికి విటమిన్ ఏ, జింక్, ఫోలిక్ యాసిడ్ పరిమితి దాటాయి. కాల్షియం, విటమిన్ డి మాత్రం సప్లిమెంట్లు వేసుకున్నా చాలలేదు. మా బల్ల మీద విటమిన్ డి ఒక్కటే ఆ లెక్కకి అందలేదు, మిగతాదంతా దాదాపు అదే కథ.

నా తప్పు

కూడికలు అయ్యాక నాకు అంతా అర్థమైపోయిందనిపించింది. మెగ్నీషియం పేగులోకి నీళ్లు లాగుతుంది. విటమిన్ సి ఎక్కువైతే విరేచనాలు. జింక్ సిరప్‌లో తీపికి సార్బిటాల్ ఉంది, అదీ విరేచనకారే. మూడూ కలిసి లూజ్ మోషన్స్ తెచ్చాయి, మరి ఇంకేముంది? మెగ్నీషియం, విటమిన్ పౌడర్, జింక్ సిరప్ ఆ రోజే ఆపమన్నాను. గమ్మీలు రెండుకి తగ్గించమన్నాను. రక్త పరీక్షలకి రాయించి, మిగతావి తర్వాత చూద్దామని పంపేశాను. డాక్టరు గారు ఆ పూట లేరు. పొట్ట మీద చెయ్యి వేసి చూసిన వాళ్లే లేరు.

ఒకసారి ఒక్కటే మార్చండి అని నేనే అందరికీ చెప్తుంటాను. మూడు ఒకేసారి తీసేశాను. అవి మూడూ వదులు చేసేవి. బిగించే రెంటినీ, అంటే ఐరన్‌నీ కాల్షియంనీ, అలాగే వదిలేశాను.

రెండో రోజు తల్లి మెసేజ్ పెట్టింది, మరకలు సగానికి తగ్గాయని. మంచిది అని జవాబిచ్చాను. మూడో రోజు అసలేమీ లేదు. నాలుగో రోజు తిండి మానేశాడు. అయిదో రాత్రి చెయ్యి రక్తం వచ్చేదాకా కొరుక్కున్నాడు. ఆరో రోజు పొద్దున వాంతి చేసుకున్నాడు, నేరుగా మా దగ్గరికే తీసుకొచ్చారు.

డాక్టరు గారు బాబుని బల్ల ఎక్కించే ప్రయత్నం చేయలేదు. తల్లి ఒళ్లో కూర్చున్నవాడి పొట్ట మీద, వాడి చేతినే ముందు పెట్టించి, దాని మీద తన చెయ్యి వేశారు. ఎడమవైపు కింద గట్టిగా ముద్దలా తగిలింది. తల్లిని ఒక్కటే అడిగారు: "నిక్కరుకి అంటేది సరే, తనంతట తాను కూర్చుని పూర్తిగా వెళ్లింది ఎప్పుడమ్మా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. "మూడు వారాలైంది సార్. ఆ రోజు టాయిలెట్ పూడుకుపోయింది, ఎన్నిసార్లు ఫ్లష్ చేసినా పోలేదు."

అది విరేచనం కాదు, మలబద్ధకం. పురీషనాళంలో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, పెద్ద ముద్ద గట్టిపడి అడ్డం పడితే, పైనుంచి వచ్చే పలచటి మలం దాని పక్కల నుంచి జారి బయటికి కారుతుంది. పిల్లవాడికి తెలియకుండానే నిక్కరుకి అంటుతుంది. ముద్ద పేరుకుని పేరుకుని పురీషనాళం సాగిపోతే 'వస్తోంది' అనే కబురే అందదు. లోపలి నుంచి వచ్చే ఇలాంటి కబుర్లు ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి మామూలుగానే సరిగా అందవు. ఇక నేను ఆపించిన మెగ్నీషియం, విటమిన్ సి, సార్బిటాల్ ఏం చేస్తున్నాయంటే, ఆ పక్కదారిని తెరిచి ఉంచుతున్నాయి. దాన్నీ మూసేసింది నేను.

కడుపు ఇబ్బందులు గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల్లో పిల్లల మలబద్ధకానికి ఆరు గుర్తులున్నాయి: వారానికి రెండు లేదా అంతకన్నా తక్కువ సార్లు వెళ్లడం, శిక్షణ అయ్యాక కూడా బట్టల్లో పోవడం, బిగబట్టే భంగిమ, నొప్పితో గట్టిగా రావడం, పురీషనాళంలో పెద్ద ముద్ద, టాయిలెట్ పూడుకుపోయేంత లావు మలం. నెల రోజుల పాటు రెండు ఉంటే చాలు. మా బాబుకి కనీసం అయిదు ఉన్నాయి. మొదటి రోజే తల్లి వాటిలో రెండు తన నోటితోనే చెప్పింది. రోజుకి ఎన్నిసార్లు అని అడిగాను, ఎలా ఉంటుందని అడగలేదు. మలం ఏడు రకాల బొమ్మలుండే బ్రిస్టల్ చార్ట్ నా సొరుగులోనే ఉంది, తీయలేదు.

2014లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆటిజం ఉన్న పిల్లల్లో కడుపు సమస్యలు మిగతా పిల్లల కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువని, మలబద్ధకం మూడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. వాళ్ల విరేచనాల్లో కొన్ని నిజానికి మలబద్ధకమేనని నాకు చదువు నుంచి తెలుసు. తెలియడం వేరు, ఎదురుగా తల్లి "లూజ్ మోషన్స్" అంటున్నప్పుడు గుర్తుకు రావడం వేరు.

ముద్ద కరిగించడం

మోతాదు పిల్లల డాక్టరే రాయాలి, ఇక్కడ చెప్పేది ఈ బాబు సంగతి. మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, ముద్ద తీయడానికి కిలోకి రోజుకి 1 నుంచి 1.5 గ్రాములు, మూడు నుంచి ఆరు రోజులు. బాబుకి రోజుకి 25 గ్రాములతో మొదలుపెట్టారు. వెనక నుంచి మందు పెట్టే ఎనిమాతోనూ పని జరుగుతుంది. కానీ తాకితేనే ఉలిక్కిపడే పిల్లవాడికి అది ఇంకో భయం అవుతుందని నోటి మందే ఎంచుకున్నారు. ఎక్స్‌రే తీయలేదు, చేతికి తెలుస్తున్నదానికి అవసరం లేదు.

ఈ పొడికి రుచి లేదు. నీళ్లలో పూర్తిగా కరిగితే కనపడదు కూడా. ఆపిల్ జ్యూస్‌లో కలిపి వాడి నీలం కప్పులోనే ఇచ్చారు. రెండో రోజు హడావిడిలో సరిగా కలపకుండా ఇస్తే పెదవికి పలుకు తగిలింది. కప్పు గోడకేసి కొట్టాడు, సాయంత్రం దాకా జ్యూసే ముట్టలేదు. అప్పటి నుంచి ముందుగా వేడి చేసి చల్లార్చిన నీళ్లలో పొడి కరిగించి, సీసాలో పెట్టుకుని, దాంట్లోంచి జ్యూస్‌లో పోయడం తల్లి కనిపెట్టిన పద్ధతి. ఇప్పుడు మిగతా తల్లులకి నేనూ అదే చెప్తున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ముద్ద బయటపడింది, రాత్రి వరకూ వస్తూనే ఉంది. ఆ రాత్రి బాబు రెండింటికి లేవలేదు. ఐరన్ అప్పటికే ఆపించాం.

తర్వాత రోజుకి 8 గ్రాములతో కొనసాగించారు, అంటే కిలోకి 0.4 గ్రాములు చొప్పున. రెండు వారాల్లో చెయ్యి కొరుక్కోవడం రోజుకి పది పన్నెండు సార్ల నుంచి రెండు మూడుకి వచ్చింది. కర్టెన్ వెనక నిలబడటం పూర్తిగా పోయింది. మాటలు పెరిగాయా అంటే లేదు. బొమ్మల కార్డులు అలాగే ఉన్నాయి. కడుపు బాగుపడితే మాటలు వస్తాయని తండ్రి ఎదురుచూశాడు. అలా జరగదని ముందే చెప్పాను, అయినా ఆయన ముఖం చూడటం కష్టమైంది. నొప్పి పోయింది, ఆటిజం ఉంది. స్కూల్లో టీచరమ్మ మాత్రం బాబు కుర్చీలో ఎక్కువసేపు కూర్చుంటున్నాడని చెప్పింది. కడుపులో రాయి లాంటిది పెట్టుకుని ఎవరు మాత్రం కూర్చోగలరు?

మొదలు ఎక్కడ

బిగబట్టడం ఎప్పుడు మొదలైందని వెనక్కి వెళ్తే, కొత్త స్కూల్లో చేరిన మొదటి నెల దగ్గర ఆగాం. అక్కడి టాయిలెట్లో చేతులు ఆరబెట్టే మెషీన్ ఉంది. పక్కన ఎవరో ఆన్ చేస్తే బాబు నిక్కరు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తుకొచ్చాడట. ఆ తర్వాత స్కూల్లో వెళ్లలేదు. ఇంటికొచ్చేసరికి మలం గట్టిపడి నొప్పి, నొప్పి భయానికి ఇంట్లోనూ ఆపుకోవడం. సరిగ్గా ఆ సమయంలోనే ముఖం పాలిపోయిందని ఐరన్ చేరింది. పాలు మానిపించి కాల్షియం చేర్చారు. నిద్ర పట్టట్లేదని మెగ్నీషియం చేరింది. నిద్ర పట్టకపోవడానికి కారణం పొట్ట.

స్కూలు వాళ్లు మెషీన్ లేని స్టాఫ్ టాయిలెట్ వాడుకోనిచ్చారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు కాళ్ల కింద పీట పెట్టించింది, మోకాళ్లు నడుము కంటే ఎత్తుకి వస్తే ముక్కడం తేలిక. తిన్న వెంటనే పేగులు కదులుతాయి కాబట్టి పొద్దున, రాత్రి తిన్నాక అయిదు నిమిషాలు కూర్చోవడం, అంతకు మించి వద్దు. ముక్కమంటే పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? సబ్బు నీటి బుడగలు ఊదించాం. ఊదితే పొట్ట దానంతటదే బిగుస్తుంది.

పీచు పౌడర్ ఇవ్వాలా అని తల్లి అడిగింది. వద్దన్నాను. అప్పటికే సాగి ఉన్న పేగులో పీచు పోస్తే ముద్ద పెరుగుతుంది తప్ప కదలదు. మలబద్ధకానికి సప్లిమెంటుగా పీచును గానీ ప్రోబయోటిక్‌ను గానీ మామూలుగా వాడమని 2014 నాటి యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల మార్గదర్శకాలు చెప్పలేదు.

సీసాలు తీసేయడం

ఈసారి పదిరోజులకి ఒకటి చొప్పున, డైరీ రాస్తూ. పరీక్షల్లో ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 62, ఐరన్ తిరిగి మొదలుపెట్టాల్సిన పనే లేదు. కాపర్ కింది అంచున ఉంది, హిమోగ్లోబిన్ మామూలే. రక్తంలో కాల్షియం, థైరాయిడ్ బాగున్నాయి. గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు పరీక్ష దగ్గర చిక్కొచ్చింది. గ్లూటెన్ తింటున్నప్పుడే ఆ జబ్బుని పట్టిచ్చే యాంటీబాడీలు రక్తంలో కనపడతాయి. అయిదు నెలలుగా మానేసిన పిల్లవాడికి 'లేదు' అని వస్తే దాన్ని నమ్మలేం. అందుకే హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యువులు చూపించారు. రెండూ లేవు, కాబట్టి సీలియాక్ దాదాపు లేనట్టే. గ్లూటెన్ ఆపే ముందే ఆ రక్త పరీక్ష చేయించి ఉంటే ఈ చుట్టు తిరుగుడే ఉండేది కాదు. ఈ ఒక్క మాట మాత్రం దయచేసి పక్కవాళ్లకి కూడా చెప్పండి.

గ్లూటెన్, పాలు తిరిగి పెట్టడానికి తల్లి తటపటాయించింది. 2016 నాటి ఒక అధ్యయనం గురించి చెప్పాను. పిల్లలందరినీ ఆ డైట్‌లో ఉంచి, ఎవరికీ తెలియకుండా కొన్నిసార్లు గ్లూటెన్, పాల ప్రొటీన్ కలిపి పెట్టి చూశారు. 14 మంది పూర్తి చేశారు. ప్రవర్తనలో గానీ, నిద్రలో గానీ, మలంలో గానీ తేడా లేదు. పిల్లలు తక్కువమందే, నిజమే. కానీ పది వస్తువులే తినే పిల్లవాడి దగ్గర మూడు లాక్కోవడానికి అంతకన్నా బలమైన రుజువు కావాలి. ముందు బ్రెడ్ వచ్చింది, రెండు వారాలకి పాలు. పాలు రోజుకి రెండు కప్పులే. ఎక్కువైతే అవీ కొంతమంది పిల్లలకి బిగిస్తాయి, తిండి ఆకలినీ చంపుతాయి.

పేగు బ్యాక్టీరియా రిపోర్టు ఒకటి తెచ్చారు, ఇరవై పేజీలు, రంగురంగుల పటాలు. ఫలానా బ్యాక్టీరియా తక్కువ, ఫలానా ప్రోబయోటిక్ కొనండి అని చివరి పేజీ. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లల మలం పరీక్షించిన పరిశోధకులు తేల్చింది వేరే. ఆటిజం వల్ల పిల్లలు తినే రకాలు తగ్గుతాయి, రకాలు తగ్గితే బ్యాక్టీరియా రకాలూ తగ్గుతాయి. రిపోర్టు చూపించేది బాబు ప్లేటునే. రిపోర్టు మడిచి ఇచ్చేశాను.

ప్రోబయోటిక్ అంటే నాకు పడదని కాదు. 2020లో ఇటలీలో 85 మంది చిన్నపిల్లల మీద ఆరు నెలల పరీక్ష జరిగింది. మొత్తంమీద ఆటిజం లక్షణాల్లో తేడా రాలేదు. కడుపు ఇబ్బంది ఉన్న పిల్లల వరకు చూస్తే కడుపులోనూ, రోజువారీ పనుల్లోనూ కొంత మెరుగు కనిపించింది. ఆశ పెట్టుకోదగ్గ విషయమే, కానీ రెండు బ్రాండ్లు ఒకేసారి పోయడానికి అది కారణం కాదు. ఒకటి తీసేశాం, ఏమీ కాలేదు. రెండోదీ తీసేశాం, ఏమీ కాలేదు. ఎంజైముల పొడి పోయినట్టు కూడా తెలియలేదు.

చేపనూనె దగ్గర తండ్రి గట్టిగా నిలబడ్డారు. "అది మొదలుపెట్టాకే రెండు మాటలు వచ్చాయి మేడమ్." ఆయనకి సెక్రెటిన్ కథ చెప్పాను. 1998లో ముగ్గురు పిల్లలకి పేగు పరీక్ష కోసం సెక్రెటిన్ అనే హార్మోన్ ఇస్తే మాటలు, కళ్లలోకి చూడటం మెరుగయ్యాయని రాశారు. ఎక్కడెక్కడి తల్లిదండ్రులో దానికోసం ఎగబడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన పరీక్షలో 56 మంది పిల్లల్లో సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్లు ఇచ్చారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి, సమానంగా. తల్లిదండ్రులు అబద్ధం చెప్పలేదు. పిల్లలు నెలనెలా పెరుగుతారు, మనం మార్పు కోసం కళ్లు పెట్టుకుని చూస్తాం.

ఆయన విని, "మరి మనం చూద్దామా?" అన్నారు. నాలుగు వారాలు నూనె ఆపారు, టీచరమ్మకి చెప్పలేదు. ఆమె ఎప్పట్లాగే రోజూ మార్కులు వేసింది. తర్వాత నాలుగు వారాలు మళ్లీ ఇచ్చారు. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏ నెలో ఎవరికీ తెలియలేదు. అయినా ఆయన మానలేదు. కాడ్ లివర్ ఆయిల్ బదులు విటమిన్ ఏ లేని మామూలు చేపనూనెకి మారారు. దానితో నష్టం లేదు, నేనూ వాదించలేదు.

మధ్యలో ఒక జారుడు

నాలుగో నెలలో ఇంటికొచ్చిన బంధువొకరు, ఆ పొడికి పేగులు అలవాటు పడిపోతాయని చెప్పారు. ఆపేశారు. తొమ్మిదో రోజుకి నిక్కరుకి మరకలు. ఈసారి తల్లి లూజ్ మోషన్స్ అనలేదు, "మళ్లీ నిండినట్టుంది మేడమ్" అని ఫోన్ చేసింది. మూడు రోజుల్లో సర్దుకుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ పేగులో నీటిని పట్టి ఉంచుతుంది అంతే, పేగుని కొట్టి పని చేయించదు, అలవాటు పడేది లేదు. సాగిన పురీషనాళం మామూలు కావడానికి నెలలు పడుతుంది, అందుకే తగ్గించడం కూడా నెమ్మదిగానే.

తిండి విషయంలో గొప్పగా చెప్పుకోడానికేం లేదు. పది నెలల్లో కొత్తగా వచ్చినవి రెండు: పియర్, ఉడికించిన గుడ్డు తెల్లసొన. పియర్‌ని నోట్లో పెట్టుకోవడానికి పదకొండు వారాలు పట్టింది. మొదటి మూడు వారాలు అది బల్ల మీద ఉండటాన్నే ఒప్పుకోలేదు.

ఇప్పుడు

రోజుకి 5 గ్రాముల పొడి. విటమిన్ డి 600 ఐ.యూ., తండ్రి గారి చేపనూనె, ఒక మామూలు మల్టీవిటమిన్ చుక్కల రూపంలో. పాలు వచ్చాక కాల్షియం ఆపేశాం. గమ్మీలు అన్నిటికంటే ఆఖర్న పోయాయి, వారం రోజులు ఏడ్చాడు. డైపర్ లేదు. వారానికి అయిదారు సార్లు బ్రిస్టల్ నాలుగో రకం, అంటే మెత్తగా, మామూలుగా. కాపర్ మళ్లీ చూస్తే మధ్యలోకి వచ్చింది. బరువు 21 కిలోలు.

చెయ్యి కొరుక్కోవడం మాత్రం రోజుకి ఒకటి రెండుసార్ల దగ్గర ఆగిపోయి ఇక తగ్గలేదు. అందరం అది అలవాటుగా మిగిలిపోయిందేమో అనుకున్నాం. 'పాతదే' అని మళ్లీ రాయబోయి ఆగాను. ఎప్పుడు కొరుక్కుంటున్నాడో రెండు వారాలు టైము రాయమన్నాను. ఎక్కువగా తినేటప్పుడు, అదీ చల్లని జ్యూస్ తాగాక. పళ్ల డాక్టరు దగ్గరికి పంపాం. కింది దవడలో రెండు పాలపళ్లు లోపలిదాకా పుచ్చాయి. ఏడాదిన్నర పాటు రోజుకి నాలుగు గమ్మీలు, పంటికి అతుక్కుని. పళ్లు తీయడానికి వచ్చే బుధవారం తేదీ ఇచ్చారు. మత్తు ఇచ్చే డాక్టరుకి చేపనూనె సంగతి కూడా చెప్పమని తల్లికి కాగితం మీద రాసిచ్చాను.